దుబాసిగారి ఎడమకాలు

మా మామయ్య ఎడమకాలు ఉంటుందో పోతుందో శుక్రవారం నాటికి తేలుతుందని పెద్దాసుపత్రిలో చెప్పారు. చెప్పింది సోమవారం. మంగళవారానికల్లా మా వీధి సగం ఆయన మంచం చుట్టూ చేరింది. "దుబాసిగారికి ఇలా జరగడమేమిటి, చీమకైనా హాని తలపెట్టని మనిషి" అని బుగ్గలు నొక్కుకున్నారు. వచ్చినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి షుగరుంది. ఆ సంగతి వాళ్ళకి సరిగ్గా తెలియకుండా కాపాడుకొచ్చిన మహానుభావుడు ఈయనే. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, వాళ్ళు తెచ్చిన బిస్కెట్ పొట్లాలు ఒక్కొక్కటే తీసి సంచిలో పడేస్తూ పళ్ళు నూరుకున్నాను. షుగరుతో కాలు కుళ్ళి పడుకున్నవాడికి బిస్కెట్లు తెస్తారు మావాళ్ళు. అందులోనూ క్రీము బిస్కెట్లు.

ముందు మా సంగతి చెప్పాలి. మా తాతల కాలంలో నూలు మిల్లు పనికని ఈ నగరానికి వచ్చాం. ఊరివాళ్ళ భాష వేరు, మా భాష వేరు. మిల్లు గోడ వెనక ఆరు వీధుల్లో మమ్మల్ని సర్దారు, అక్కడే పాతుకుపోయాం. మిల్లు నడిచిన రోజుల్లో మా పెద్దలు కండెల వరసల మధ్య పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేవాళ్ళు. అది మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు మగవాళ్ళు వ్యాన్లు నడుపుతారు, లేదా ఏ ఆఫీసు గుమ్మంలోనో కుర్చీ వేసుకుని కాపలా కాస్తారు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని కంపెనీ చొక్కాలకి గుండీలు కుడతారు. మొత్తానికి ఆరు వీధులూ కూర్చునే ఉన్నాయి. తిండి దగ్గర మాత్రం ఇంకా మిల్లులో పన్నెండు గంటలు నిలబడి వచ్చినట్టే తింటారు. టీ సంగతి చెప్పనక్కర్లేదు, అది టీ కాదు, పాకం.

ఊరి భాష మావాళ్ళకి అంగట్లో బేరమాడేంత వచ్చు, బస్సులో పోట్లాడేంత వచ్చు. డాక్టరు ముందు కూర్చోబెడితే మాత్రం నోరు పెగలదు. అందుకని ప్రతి ఇంటికీ దుబాసి కావాలి. ఆ దుబాసి మా అమ్మ తమ్ముడు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, ఆయనకైనా ఉందో లేదో. అందరికీ దుబాసిగారే.

నేను మా వీధి చివరి క్లినిక్కులో కట్లు కట్టే గదిలో పనిచేస్తాను. ఆరేళ్ళయింది. నాకూ రెండు భాషలూ వచ్చు. అయినా మావాళ్ళు నన్ను పక్కన కూర్చోనివ్వరు. "మనింటి పిల్ల ముందు ఒంటి సంగతులు ఎలా చెప్పుకుంటామమ్మా, దుబాసిగారైతే పెద్దమనిషి" అంటారు. ఆ చెప్పుకోని ఒంటి సంగతులే రెండేళ్ళు తిరిగేసరికి పుండ్లయి నా గదికి వస్తాయి. అప్పుడు మాత్రం పిల్లనని గుర్తుండదు, కాలు తీసి నా ఒళ్ళో పెడతారు.

మామయ్య మనిషి చూడ్డానికి ముచ్చటగా ఉంటాడు. సన్నగా, పొడుగ్గా, మెడదాకా గుండీలు పెట్టిన ఇస్త్రీ చొక్కా. అన్నిటికన్నా ముఖ్యం నల్ల బూట్లు. వాళ్ళ నాన్న బతుకంతా మిల్లులో ఒట్టికాళ్ళతో తిరిగాడట, అందుకని ఈయన బూట్లు లేకుండా గుమ్మం దాటడు. ప్రతి ఉదయం పాత బనీను ముక్క తీసుకుని పావుగంట వాటిని తుడుస్తాడు. వాటిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ పావుగంటలో ఒక్క నిమిషం లోపలి పాదాలకి ఇచ్చి ఉంటే నేనీ కథ చెప్పే పని ఉండేది కాదు.

ఇక ఆయన విద్య సంగతి. డాక్టరు ఏం చెప్పినా దాని ముందు 'కొంచెం' తగిలిస్తాడు. ఆయన ముప్ఫై ఏళ్ళ పాండిత్యమంతా ఆ ఒక్క మాటే. డాక్టరు, "ఇలాగే తింటే రెండేళ్ళలో ఈయన కిడ్నీలు పోతాయి, చెప్పండి" అంటాడు. మామయ్య పేషెంటు వైపు తిరిగి, మోకాలి మీద చెయ్యి వేసి, "కొంచెం చూసుకుని తినమంటున్నారండి" అంటాడు. పేషెంటు ఏదో అంటాడు. "నా తిండి సంగతి వాడికెందుకు?" అనే అంటాడు సాధారణంగా. మామయ్య డాక్టరు వైపు తిరిగి, ఊరి భాషలో, అదీ పుస్తకాల ఊరి భాషలో, "తమ సలహా తప్పక పాటిస్తానంటున్నారు" అంటాడు. ఇద్దరూ సంతోషంగా లేస్తారు. మధ్యలో షుగరు కూడా సంతోషంగానే లేచి ఇంటికి వెళుతుంది.

డాక్టరుదీ తప్పే. ఆయన చెప్పింది నాలుగు వాక్యాలు, ఈయన మా భాషలోకి మార్చింది నాలుగు మాటలు. ఒక్కరోజైనా అనుమానం రావద్దా? రాలేదు. ఆయనకి బయట ఇంకా నలభైమంది ఉన్నారు, గోడ గడియారం ఉంది, ఎదురుగా మర్యాదగా తలూపే మామయ్య ఉన్నాడు. ఇంకేం కావాలి!

పని అయ్యాక పేషెంటు ఇంట్లో దుబాసిగారికి టీ. అది వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టే. రోజుకి నాలుగిళ్ళు, నాలుగు టీలు, పక్కన ఏదో ఒక తీపి. అలా ముప్ఫై ఏళ్ళు. మా ఆరు వీధుల పంచదారలో సింహభాగం ఆ ఒక్క కడుపులోకే వెళ్ళింది.

మా అమ్మ కళ్ళ సంగతి కూడా చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఎనిమిదేళ్ళ కిందట తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అప్పటికి నేనింకా క్లినిక్కులో చేరలేదు. షుగరు కళ్ళకి పాకింది, ఆరు నెలల్లో లేజరు పెట్టించకపోతే చూపు పోతుందని ఆయన చెప్పాడు. మామయ్య, "కొంచెం మసక వస్తుందట అక్కా, వయసు కదా" అన్నాడు. మసకే కదా అని అమ్మ ఊరుకుంది. ఇప్పుడు గోడ పట్టుకుని వంటింట్లోకి వెళుతుంది. నేను నోరు చేసుకుంటే, "పోనీలేవే, వాడు మాత్రం నా మేలు కోరే కదా అన్నాడు" అని తమ్ముణ్ణి వెనకేసుకొస్తుంది. ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఉన్నది ఉన్నట్టు చెప్తే నీ సొమ్మేం పోయింది మామయ్యా?"

బూట్ల వైపు చూసుకుంటూ ఒక కథ చెప్పాడు. ఆయనకి పందొమ్మిదేళ్ళప్పుడు, మిల్లు డాక్టరు దగ్గర దుబాసిగా వెళ్ళిన మొదటి రోజు. పేషెంటు ఒక పెద్దాయన, దూది గదిలో మేస్త్రీ. ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి, పని మానకపోతే ఏడాది దాటడని డాక్టరు అన్నాడు. మామయ్యకి అప్పటికింకా ఈ విద్య రాదు కాబట్టి ఆ మాట ఆ మాటగానే మార్చి చెప్పాడు. మేస్త్రీ కుర్చీలోంచి లేచి ఈడ్చి చెంప మీద కొట్టాడు. "నా చావు కోరతావురా? ఆ మాట నీ నోట ఎలా వచ్చింది?" అన్నాడు. డాక్టరునేమీ అనలేదు, ఆయనకి వంగి దండం పెట్టి మరీ వెళ్ళాడు. నెల రోజులు వీధిలో ఎవరూ మామయ్యతో మాట్లాడలేదు. మావాళ్ళ లెక్క అంతే. ఊరి భాషలో అన్నది గాలికి పోతుంది, మా భాషలో అన్నవాడే అన్నవాడు.

"అప్పట్నుంచీ కొంచెం జాగ్రత్తగా మాట్లాడతానే అమ్మాయ్," అన్నాడు.

జాలిపడమని చెప్పిన కథ అది. నేను పడలేదు. ఒక్క చెంపదెబ్బకి భయపడి ముప్ఫై ఏళ్ళపాటు ఆరు వీధుల్నీ జోకొట్టిన మనిషి మీద జాలేమిటి?

రెండేళ్ళ కిందట ఆరోగ్య శాఖవాళ్ళకి మామీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. మావాళ్ళలో షుగరు ఊరివాళ్ళకంటే ఎక్కువని ఎవరో కనిపెట్టారట. ఎందుకో తేల్చమని విశ్వవిద్యాలయం నుంచి ఇద్దర్ని పంపారు, ఒక కళ్ళజోడు అమ్మాయి, ఒక గడ్డం అబ్బాయి. మూడు నెలలు మా వీధుల్లో తిరిగి, మా భాషలో మంచినీళ్ళు అడగడం కూడా నేర్చుకోలేదు. వాళ్ళ ప్రశ్నలు అడగడానికి మామయ్య, వేళ్ళు పొడిచి రక్తం తీయడానికి నేను. రెండువందల పన్నెండు ఇళ్ళు తిరిగాం.

అందులో అసలు విషయం ఒకటుంది. ఈ లెక్కలు చూశాక నగరంలో ఒక పేటకి 'పాదాల గది' ఇస్తామన్నారు. వారానికి రెండు రోజులు ఒక నర్సు కూర్చుంటుంది. షుగరున్న ప్రతివాడి చేతా చెప్పులూ బూట్లూ విప్పించి, సన్నని నైలాన్ పోగుతో అరికాలు పొడిచి, స్పర్శ ఉందో పోయిందో చూస్తుంది. పాదాల్ని ఎక్కువ నిర్లక్ష్యం చేసే పేట ఏదో దానికే ఆ గది. ఈ సంగతి నేనే మామయ్యకి చెప్పాను. "మన కట్ల గదికి వచ్చే వాటిలో సగం ముందే ఆపొచ్చు మామయ్యా. ఈ ఒక్కసారికి ఉన్నదున్నట్టు చెప్పు, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. సరేనన్నాడు.

మొదటి ఇల్లు వ్యాను డ్రైవరుది. కళ్ళజోడు అమ్మాయి రోజుకెంత నడుస్తారని అడగమంది.

"నడకా?" అన్నాడు డ్రైవరు. "వ్యాను నాదైతే నేనెందుకు నడుస్తానండీ?"

"రోజూ అరగంట నడుస్తారట," అన్నాడు మామయ్య.

టీలో ఎన్ని చెంచాల పంచదార అని అడిగితే, డ్రైవరు పెళ్ళాం లోపల్నుంచి, "లెక్కేముంది, నాలుగో అయిదో" అని కేకేసింది.

"ఒకటిన్నర," అన్నాడు మామయ్య. ఆ అర చూడండి! నమ్మించడానికి వేసిన అర. ముప్ఫై ఏళ్ళ పనితనం అందులో ఉంది.

పాదాలు రోజూ పరీక్షగా చూసుకుంటారా అన్నది ఆఖరి ప్రశ్న. "కాళ్ళు చూసుకుంటూ కూర్చోవడానికి నేనేమైనా పెళ్ళికూతుర్నా?" అని డ్రైవరు పగలబడి నవ్వాడు. గడ్డం అబ్బాయి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

"రోజూ," అన్నాడు మామయ్య. "రెండు పూటలా."

బయటికొచ్చాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమిటి మామయ్యా నువ్వు చేస్తున్నది?" అన్నాను.

"వాళ్ళు రాసుకుంటున్నారే," అన్నాడు గొంతు తగ్గించి. "రాసింది ఉండిపోతుంది. మనవాళ్ళు శుభ్రం లేనివాళ్ళు, తిండిపోతులు అని ఊరివాళ్ళ పుస్తకంలో ఎక్కాలా? ఇంటి గుట్టు మనంతట మనమే బయట పెట్టుకుంటామా?"

అప్పుడు నేను ఆ కళ్ళజోడు అమ్మాయితో నిజం చెప్పి ఉండాల్సింది. ఊరి భాష నాకూ వచ్చు కదా. చెప్పలేదు. వీధి మధ్యలో మామయ్యని అబద్ధాలకోరుని చెయ్యడానికి నోరు రాలేదు. వేలు పొడిచే పని నాది, నోటి పని ఆయనది అని సరిపెట్టుకుని రెండో ఇంటికి నడిచాను. తక్కిన రెండువందల పదకొండు ఇళ్ళలోనూ ఇదే తంతు. నా చేతకానితనం కూడా ఆ పుస్తకంలో ఉంది, నా పేరు లేకుండా.

ఏడాది తిరక్కుండా పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. రక్తం అబద్ధం చెప్పదు కాబట్టి, మాలో నలభై దాటినవాళ్ళకి ముగ్గురిలో ఒకరికి షుగరని అందులో తేలింది. ఊరివాళ్ళలో పదిమందికి ఒకరేనట. మరి కారణం? నోటి లెక్కల ప్రకారం మేము నగరంలో అందరికన్నా ఎక్కువ నడుస్తాం, తక్కువ తీపి తింటాం, రెండు పూటలా పాదాలు పరీక్షించుకుంటాం. అందుచేత ఆ మేధావులు తల బద్దలు కొట్టుకుని, తప్పు మా అలవాట్లలో లేదు, మా పుట్టుకలోనే ఏదో ఉందని తేల్చారు. పుట్టుకని ఎవరేం చేస్తారు? చేతులు దులుపుకున్నారు. పాదాల గది నదికి అవతలి పేటకి వెళ్ళింది. అక్కడివాళ్ళు మా కాళ్ళు మేమెప్పుడూ చూసుకోమండీ అని సిగ్గూ ఎగ్గూ లేకుండా నిజం చెప్పారట. మాకు ఒక పోస్టరు ఇచ్చారు. షుగరు జాగ్రత్తలు, ఊరి భాషలో. క్లినిక్కు గోడకి అంటించాం, మావాళ్ళు దాని కింద బెంచీ మీద కూర్చుని చంటిపిల్లలకి బిస్కెట్లు పెడుతున్నారు.

వీధిలో మాత్రం పుస్తకం వచ్చిన రోజు పండగలా ఉంది. "మనవాళ్ళే అందరికన్నా మేలని రాశారటగా" అని చెప్పుకుని మురిశారు. దుబాసిగారికి ఆ రోజు ఎన్ని టీలు పట్టాయో నేను లెక్కపెట్టలేదు.

మొన్న ఆదివారం పొద్దున్న అత్తయ్య ఫోను చేసింది.

"అమ్మాయ్, మీ మామయ్య గదిలో ఏదో చచ్చిన వాసనొస్తోందే. ఎలకేమోనని బీరువా కింద కూడా చీపురు పెట్టి లాగాను. ఏమీ లేదు."

ఆరేళ్ళుగా నేను పీల్చే వాసన అది. ఎలక కోసం వెతకొద్దని చెప్పి చెప్పులు తొడుక్కున్నాను.

వెళ్ళేసరికి మామయ్య కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. మేజోళ్ళు, బూట్లు, అన్నీ వేసుకునే ఉన్నాడు.

"ఇంట్లో బూట్లేమిటి మామయ్యా?"

"చలిగా ఉందే," అన్నాడు. నుదుటి మీద చెమట ధార కడుతోంది.

"విప్పు."

"నువ్వు నా కాళ్ళు చూడ్డమేమిటి, చిన్నదానివి."

"రోజుకి ముప్ఫై కాళ్ళు చూస్తాను. ముప్ఫై ఒకటోది నీది. విప్పు."

కదల్లేదు. నేనే కింద కూర్చుని లేసులు లాగాను. ఎడమ బూటు తిరగేస్తే అందులోంచి ఒక గుండీ రాలి గచ్చు మీద దొర్లింది. తెల్లది, నాలుగు కన్నాలది. అత్తయ్య దాన్ని తీసి వెలుతురులో చూసింది.

"ఇది నీలం గీతల చొక్కాలది," అంది. "ఆ మూట కంపెనీకి పంపించేసి తొమ్మిది రోజులైందే."

తొమ్మిది రోజులు! బూటులో గుండీ పెట్టుకుని తొమ్మిది రోజులు క్లినిక్కులూ ఇళ్ళూ తిరిగాడు. మేజోడు ఊడి రాలేదు, తడిపి తీయాల్సి వచ్చింది. బొటనవేలి కింద మెత్తటి చోట రూపాయంత గుంట, చుట్టూ నల్లటి అంచు. పక్కనున్న రెండు వేళ్ళూ నల్లబడ్డాయి. మడమ దాకా వాపు.

"నొప్పి లేదా?"

"కొంచెం కూడా లేదే!" అన్నాడు. శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

షుగరు ఎప్పట్నుంచి అని అడిగితే నీళ్ళు నమిలాడు. బీరువా సొరుగు లాగాను. ఇస్త్రీ రుమాళ్ళ కింద మడతలు పడ్డ కాగితం ఒకటి దొరికింది. పదకొండేళ్ళ కిందటిది. నగరం అవతలి చివర, మావాళ్ళెవరూ అడుగుపెట్టని చోట ఒక డాక్టరు రాసిచ్చింది. షుగరు అంకె కింద రెండు గీతలు గీసి, పక్కన పాదాలు జాగ్రత్త అని రాశాడు.

"కొంచెం ఉందన్నారు అప్పుడు," అన్నాడు మామయ్య.

"ఎవరన్నారు?"

"డాక్టరే."

అక్కడ దుబాసి లేడు. ఊరి భాషలో, తన సొంత చెవులతో విన్నాడు. బస్సెక్కి ఇంటికి వచ్చేలోపు తనకి తానే మార్చి చెప్పుకున్నాడు. మందులు తల తిరిగిన రోజున మాత్రం వేసుకునేవాడట. పాదాల గది మా వీధికి వచ్చి ఉంటే, పరీక్ష ఎలా చేస్తారో నలుగురికీ చూపించడానికైనా మొదటి రోజే వెళ్ళి బూట్లు విప్పేవాడు. ఆ నైలాన్ పోగు అరికాలికి తెలియడం లేదని రెండు నిమిషాల్లో బయటపడేది. తన కాలికి తానే, రెండువందల పన్నెండు ఇళ్ళు తిరిగి మరీ ఎసరు పెట్టుకున్నాడు.

సోమవారం పెద్దాసుపత్రిలో చేర్చాం. సర్జను నాకన్నా చిన్నది, చురుకైన మనిషి. సూదిమందులు మొదలుపెట్టి, శుక్రవారం దాకా చూస్తాను, నలుపు చీలమండ దాటితే కాలు ఉంచలేను అంది. మామయ్య శ్రద్ధగా విని, పక్కనే ఉన్న అత్తయ్య వైపు తిరిగి, "కొంచెం చీము పట్టిందట. మందులు వేస్తారట. శనివారానికి ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడు. నేను నోరు తెరిచాను. "నేను చెప్తాలేవే" అన్నట్టు నా వైపు చూశాడు. అత్తయ్యకి ఊరి భాష ముక్క రాదు. పిచ్చిది, గుండీల సంచి వెంట తెచ్చుకుని మంచం పక్కనే కూర్చుని చొక్కాలకి కుట్టింది, శనివారం మూట అప్పగించాలని.

ఆ నాలుగు రోజులూ నేను ఒకటే అనుకున్నాను. శుక్రవారం ఏదైతే అది, పుల్ల విరిచినట్టు నేనే చెప్పేస్తాను. కొంచాలూ గించాలూ లేవు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ చెయ్యని పని ఒక్కసారి చేసి చూపిస్తాను. కట్లు కట్టేటప్పుడు, బస్సులో నిలబడ్డప్పుడు, ఆ వాక్యం లోపల్లోపల అప్పజెప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున్న సర్జను కట్టు విప్పి చూసి, మళ్ళీ కప్పేసింది. కాగితాలు తెమ్మని నర్సుకి చెప్పింది. పెద్దాసుపత్రిలో ఒక నియమం ఉంది. ఊరి భాష పుట్టుభాష కానివాడు ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టాలంటే పక్కన దుబాసి ఉండి తీరాలి. మామయ్య ఊరి భాష ఆ సర్జను కన్నా శుభ్రంగా మాట్లాడతాడు. అయినా నియమం నియమమే. నర్సు గోడ మీద పట్టిక చూసి, మా భాషకి ఎదురుగా ఉన్న నంబరు నొక్కింది.

మామయ్య తలగడ కింద ఫోను మోగింది.

ఆయన అలవాటుగా చెయ్యి పోనిచ్చి, తీసి, "చెప్పండి, ఎన్నింటికి రావాలి?" అన్నాడు. నర్సు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆయన్ని చూస్తూ నిలబడిపోయింది. నాకు నవ్వొచ్చింది. మా భాషకి ఎదురుగా ఆ పట్టికలో ఇంకో పేరు లేదు.

"నాకు రెండు భాషలూ వచ్చు," అన్నాను సర్జనుతో. "నేను చెప్తాను."

ఆవిడ మెల్లగా, అర్థమయ్యేలా చెప్పింది. నలుపు చీలమండ దాటింది. మోకాలి కింద వరకూ కాలు తీసెయ్యాలి. ఇవాళే. రేపటిదాకా ఆగితే మోకాలి పైకి పోతుంది, ఆ తర్వాత మనిషే దక్కడు. మామయ్య కళ్ళు కప్పు మీద ఉన్నాయి. ప్రతి ముక్కా విన్నాడు, ప్రతి ముక్కా అర్థమైంది. కళ్ళు తిప్పకుండానే, మా భాషలో, "ఏమంటోందే?" అన్నాడు.

అత్తయ్య సూది ఆపి నా మొహంలోకి చూసింది. ఒళ్ళో తెల్ల చొక్కా, చేతిలో దారం ఎక్కించిన సూది.

నాలుగు రోజులు అప్పజెప్పుకున్న వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది.

"కాలు... కొంచెం తీయాలట," అన్నాను.

మామయ్య తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా కాదు. కొత్తగా పనిలో చేరినవాడి కుట్టు చూసే మేస్త్రీలా చూశాడు.

"కొంచెం అనలేదే ఆవిడ," అన్నాడు. "మోకాలి కింద దాకా అంది. ఇవాళే అంది. సరిగ్గా చెప్పు, మీ అత్తయ్య వింటోంది."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఈ మనిషినా ఇన్నేళ్ళు నేను చీదరించుకున్నది! మళ్ళీ మొదలుపెట్టాను. అత్తయ్య కళ్ళలోకి చూస్తూ, మోకాలి కింద దాకా అని, ఇవాళే అని, ఆగితే మనిషి దక్కడని, సర్జను అన్నది అన్నట్టుగా, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పాను.

అత్తయ్య లేచి, సూది చొక్కాకి గుచ్చి, నా చెంప మీద ఈడ్చి కొట్టింది.

"ఆ మాట నీ నోట ఎలా వచ్చిందే?" అని ఆ చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కూలబడింది.

సర్జను కంగారుపడి ఏమైంది, ఏమైందని అడుగుతోంది. నా చెవి గింగురుమంటోంది. నర్సు నా చేతికిచ్చిన కాగితం మామయ్య చెయ్యి చాచి తీసుకున్నాడు, పెన్ను కోసం వేళ్ళు ఆడించాడు. ఇచ్చాను.

"గట్టిగా తగిలిందా అమ్మాయ్?" అన్నాడు.

"కొంచెం," అన్నాను.

ఆయన తలూపి సంతకం పెట్టాడు.